చేతికి రాని దాయముపై చేబదులు

(మన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు మాటలాడుటకు మమ్ము నియోగించిన కార్యవర్గమువారికి మా కృతజ్ఞతలు. మేము న్యాయవాదులము కాము. పిల్లలకు శబ్దములును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొన్న బడిపంతులము. కావ్యములనుగూర్చియో, విద్యాభివృద్ధినిగూర్చియో చెప్పుదుమని మీరు తలచియుందురు. కాని మచిలీపట్నమునను, గుడివాడయందును, దివిసీమ గ్రామములందును మన యిండ్లలో పెద్దలు గతించినపిమ్మట జరుగుచున్న యొక కార్యము మమ్ము చాలకాలముగా బాధించుచున్నది. అది యేమనగా, తండ్రి ఆస్తి చేతికి వచ్చులోపల, వచ్చునను నమ్మకముతో, దానిపై ముందుగా సొమ్ము తెచ్చుకొనుట. ఆ తప్పు మేమును చేసినవారమే గనుక దానినిగూర్చి మాటలాడుటకు మాకు కొంత అధికారము కలదని తలచుచున్నాము.

ఇది యెట్లు జరుగునో మీ రెఱుగనిది కాదు. ఇంటి పెద్ద కన్నుమూయును. ఆసుపత్రి బాకీ తీరలేదు. కర్మలకు సొమ్ము కావలెను. పొలములో ఎరువు వేయు అదను దాటిపోవుచున్నది. బ్యాంకులో పెద్దాయన పేర సొమ్మున్నది గాని, దానిని తీయుటకు ఆయన లేడు. అట్టి సమయమున పెద్దకర్మనాడు భోజనానంతరము ఒక పెద్దమనుష్యుడు అరుగుమీద కూర్చుండి, "మీ నాన్నగారికిని మాకును ఎంతటి స్నేహమో నీకు తెలియదు బాబూ! నీ భాగము నీకు రాక ఎక్కడికి పోవును? అంతవఱకు ఈ సొమ్ము వాడుకొనుము" అనును. ఆ మాట ఓదార్పువలె వినబడును. మఱునాడు ప్రామిసరీ నోటును, దానితో కూడ ఖాళీ స్టాంపు కాగితమును వచ్చును.

ఇట్టి ఋణమును మూడు విధములుగా విడదీసి చూడవలెను. పెద్దలు జీవించియుండగనే వారి ఆస్తిపై తెచ్చుకొనునది మొదటిది. వారు గతించినపిమ్మట, పంపకము కాకముందు తెచ్చుకొనునది రెండవది. మన భాగ మెంతయో తెలియకయే తెచ్చుకొనునది మూడవది. ఈ మూడవదియే మిక్కిలి ప్రమాదకరము.

మన ధర్మశాస్త్రకారులు ఈ భేదమును బాగుగా గుర్తించిరి. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర దాయమును అప్రతిబంధమనియు, సప్రతిబంధమనియు రెండుగా విభజించినది. తండ్రి తాతల ఆస్తిలో కుమారునికి జన్మముచేతనే స్వత్వము కలుగును; దానికి అడ్డు లేదు గనుక అది అప్రతిబంధము. పినతండ్రియో, సోదరుడో సంతానము లేక గతించిననాడు వచ్చు ఆస్తి సప్రతిబంధము. ఆ మనుష్యుడు జీవించియుండుటయే దానికి అడ్డు. అడ్డు తొలగువఱకు అది ఆశయే గాని ఆస్తి కాదు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అను మన సామెతకు శాస్త్రకారులు పెట్టిన పేరే సప్రతిబంధ దాయమని మేము మా శిష్యులకు పరిహాసముగా చెప్పుచుండెడివారము.

1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 6వ సెక్షను ఈ మాటనే చెప్పినది. ఒకరు గతించినచో తనకు ఆస్తి రాగలదను కేవలమైన ఆశను విక్రయించుటకు గాని, కుదువ పెట్టుటకు గాని వీలులేదు. పూర్వము మన జిల్లాలో విధవయొక్క అధీనమందున్న ఆస్తిపై కన్నువేసిన రివర్షనరులనేకులు, ఆమె జీవించియుండగనే తమ "రాబోవు హక్కు"ను చూపి సొమ్ము తెచ్చుకొనుచుండెడివారు. అట్టి విక్రయము చెల్లదని ప్రీవీ కౌన్సిలువారు 1922లో హరనాథ్ కువర్ వ్యాజ్యమున స్పష్టముగా తీర్పు చెప్పిరి. అయినను ఆ తీర్పునందే సొమ్మిచ్చినవానికి అది వడ్డీతో తిరిగి ఇప్పింపబడినది. కావున కాగితము చెల్లదుగదా, తెచ్చిన సొమ్ము తినివేయుదమని తలచువారికి గూడ ఆ తీర్పు గుణపాఠమే.

ఈ వ్యామోహము మనకు మాత్రమే కలదనుకొనరాదు. ఇంగ్లండులో జాన్ స్పెన్సరు అను ప్రభువు తన అవ్వయైన మార్ల్‌బరో డచెస్సు ఆస్తి తనకు వచ్చునని నమ్మి, 1738లో 5,000 పౌనులు తెచ్చుకొని, ఆమె తనకంటె ముందు గతించినచో 10,000 పౌనులు ఇత్తునని వ్రాసియిచ్చెను. ఆమె 1744లో గతించినది. ఆయనయు 1746లో గతించెను. తరువాత 1751లో ఆ వ్యవహారము లార్డు హార్డ్‌విక్కు ఎదుటికి వచ్చినది. ఆశపెట్టుకొన్న వారసులతో జరుగు బేరములను కోర్టులు అనుమానముతో చూడవలెనను సూత్రము ఆ తీర్పువలన ప్రసిద్ధమైనది. అయినను అవ్వ గతించినపిమ్మట స్పెన్సరు ఆ ఋణమును తానై మరల ధ్రువపఱచియుండుటచేత అసలు భారము తప్పలేదు. కుటుంబ మెంత గొప్పదైనను, తొందరలో చేసిన సంతకమును రెండవమారు చేసిన సంతకము మఱింత బిగించునని దీనివలన తెలియుచున్నది.

ఇక మన యూరి మాట. హిందూ ధర్మశాస్త్రము చదువు న్యాయవాదు లందఱకును మచిలీబందరు పేరు సుపరిచితము. "మచిలీబందరు కలెక్టరు – కావలి వెంకట నారాయణప్ప" అను వ్యాజ్యమున 1860, 1861 సంవత్సరములలో ప్రీవీ కౌన్సిలువారు రెండు తీర్పులు చెప్పిరి. ఒక బ్రాహ్మణ జమీందారు పుత్రులు లేక గతించెను. ఆస్తి ఆయన భార్యచేతికి వచ్చినది. ఆమె గతించినపిమ్మట వారసులు లేరని ప్రభుత్వము ఆస్తిని తీసికొన్నది. ఆమె చేసిన బదలాయింపు క్రింద తమకు హక్కు కలదని ఎదిరిపక్షము వాదించినది. బ్రాహ్మణుని ధనమును రాజు తీసికొనరాదను మనువచనము గూడ ఆ వాదములలో చర్చకు వచ్చినది. వారసులు లేనియెడల బ్రాహ్మణుని ఆస్తియైనను ప్రభుత్వమునకే చెందునని మొదటి తీర్పు. అయితే ఆస్తిపై న్యాయముగా నున్న భారములకు లోబడియే ప్రభుత్వము దానిని తీసికొనవలెనని గూడ అందు చెప్పబడినది. రెండవ తీర్పులో, విధవ లౌకిక కార్యములకై ఆస్తిని బదలాయించుటకు అవసరము కలదని రుజువు కావలెననియు, ధర్మకార్యములకు ఆమె అధికారము కొంత విశాలమనియు నిర్ణయింపబడినది.

ఈ తీర్పులనుండి మనము గ్రహింపవలసిన దేమి? ఋణము ఎందులకు తెచ్చితిమి అను ప్రశ్న, ఎంత తెచ్చితిమి అను ప్రశ్నకంటె ముందు వచ్చును. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యమునందు గూడ, పిల్లవాని ఆస్తిపై అప్పిచ్చువాడు అవసరమున్నదో లేదో విచారించి మఱి యీయవలెనని చెప్పబడినది. విధవయొక్క ఆ పరిమితాధికారము 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షనుతో తొలగి, స్త్రీ తన ఆస్తికి సంపూర్ణ యజమానురాలైనది. అది మంచిదే. కాని "ఎందులకు?" అను ప్రశ్నను మాత్రము మనము విడువరాదు.

ఇప్పుడు రెండవ విధమునకు వత్తము. పెద్దలు గతించినపిమ్మట వారసుని హక్కు ఆశ కాదు, ఆస్తియే. దానిని విక్రయింపవచ్చును. మన ప్రాంతమున అవిభక్త కుటుంబములోని భాగస్వామి తన భాగమును ప్రతిఫలమునకు విక్రయించుట చెల్లునని చెన్నపట్టణపు హైకోర్టు 1863లోనే అంగీకరించినది. కాని కొన్నవానికి వెంటనే ఫలానా గట్టు, ఫలానా మడి యని చేతికి రాదు. వాడు పంపకమునకు దావా వేయవలెను. అనగా అన్నదమ్ముల నడుమ ఒక పరాయివాడు వాదియై నిలుచును. నివాసగృహములో కొన్న పరాయివానికి ఉమ్మడి స్వాధీనము లేదని 1882వ సంవత్సరపు చట్టము 44వ సెక్షను చెప్పుటయు, వాని భాగమును కుటుంబమువారే కొనుక్కొనుటకు 1893వ సంవత్సరపు పంపకముల చట్టము 4వ సెక్షను అవకాశ మిచ్చుటయు ఈ ఆపదను చూచియే.

అమెరికాలో నున్న మన పిల్లలు అచ్చట వీలునామా ప్రొబేటులో నుండగా వారసునికి ముందుగా సొమ్మిచ్చు కంపెనీలు కలవని చెప్పుచుందురు. ఆ కంపెనీలు తాము ఇచ్చినది అప్పు కాదనియు, భాగములో కొంత కొన్నామనియు చెప్పి వడ్డీ పరిమితుల చట్టములకు వెలుపల నుండజూచును. కాలిఫోర్నియాలో అట్టి కాగితములను కోర్టులో దాఖలు చేయవలెనను చట్టము కలదు. బేరము మితిమీరినచో కోర్టు దానిని సవరింపవచ్చును. మన కృష్ణా జిల్లాలో అరుగుమీద కూర్చున్న పెద్దమనుష్యుని కాగితము ఏ కోర్టులోను దాఖలు కాదు, వ్యాజ్యము వచ్చునంతవఱకు.

మన ప్రాంతమున ఆలస్యమునకు కారణము సాధారణముగా ప్రొబేటు కాదు. 1925వ సంవత్సరపు వారసత్వ చట్టము క్రింద ప్రొబేటు నిర్బంధము చెన్నపట్టణమువంటి నగరముల హైకోర్టు సీమలలో వ్రాసిన వీలునామాలకును, అచ్చటి స్థిరాస్తులకును 2025వఱకు విధింపబడియుండెను గాని, మన పల్లెలకు కాదు. మనకు ఆలస్యము మూడుచోట్ల కలుగుచున్నది: గతించినవారికి రావలసిన బాకీలను కోర్టుద్వారా వసూలు చేయుటకు ఆ చట్టము 214వ సెక్షను కోరు సక్సెషన్ సర్టిఫికేటు, తహసీలుదారు ఇచ్చు కుటుంబ సభ్యుల ధ్రువపత్రము, పాసుపుస్తకములో పేరు మార్పు. ఈ మూడింటికిని ముందుగా సిద్ధపడియున్న యింట అరుగుమీది పెద్దమనుష్యునకు పని లేదు.

ఇక మూడవ విధము. ఇది మా కథ.

మా తండ్రిగారు 1989లో దివిసీమయందు గతించిరి. పిత్రార్జితమైన 8 ఎకరముల మాగాణియు, గుడివాడలోని యొక బ్యాంకులో కొంత డిపాజిటును ఉండెను. నామినీ వ్రాయలేదు. మా తల్లిగారు, మా అన్నగారు, మేము, పెండ్లికాని మా చెల్లెలు మిగిలితిమి. చెల్లెలికి సంబంధము కుదిరి ముహూర్తము దగ్గఱపడినది. డిపాజిటు చేతికి వచ్చుటకు సర్టిఫికేటు తెమ్మనిరి. అప్పుడు మేము చిన్న యుద్యోగములో నున్న పంతులము. గుడివాడలో ఒక షావుకారువద్ద 15,000 రూపాయలు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, "8 ఎకరములలో మా అర్ధభాగమైన 4 ఎకరములు" అని వ్రాసి సంతకము చేసితిమి. చెల్లెలి పెండ్లి కొఱకే గదా యని గర్వపడితిమి. ఆమెతో ఒక్కమాటయైనను చెప్పలేదు.

సర్టిఫికేటు రెండేండ్లకు గాని రాలేదు. 30 నెలలకు వడ్డీయే 9,000 రూపాయలు, అసలుతో 24,000. షావుకారు పంపకపు దావా వేయుదునని నోటీసు పంపెను. దానిని తీసికొని బందరులో ఒక వృద్ధ న్యాయవాదివద్దకు పోతిమి. ఆయన కాగితము చదివి, "పంతులుగారూ, మీరు లెక్కలు చెప్పరా?" అని యడిగిరి. "సంస్కృతము చెప్పుదుము" అంటిమి. "అందుకే" అని ఆయన యొక కాగితముమీద లెక్క వేసి చూపిరి.

ఆ లెక్కను మీ ముందుంచుచున్నాము. గుడివాడ దగ్గఱి నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున ఆంధ్రప్రదేశములో హిందూ వారసత్వ చట్టమునకు 1986లో సవరణ వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనది. ఆనాటికి పెండ్లికాని కుమార్తెకు పిత్రార్జితములో కుమారునితో సమానముగా జన్మతః హక్కు కలిగినది. కావున మా తండ్రిగారు, మే మిద్దఱము, చెల్లెలు కలసి నలుగురు భాగస్వాములము. ఒక్కొక్కరికి 2 ఎకరములు. తండ్రిగారి 2 ఎకరములు మరల తల్లిగారికిని, మా ముగ్గురకును సమానముగా, అనగా అర యెకరము చొప్పున. మా భాగము రెండున్నర ఎకరములు, అన్నగారిది రెండున్నర, చెల్లెలిది రెండున్నర, తల్లిగారిది అర యెకరము. మేము వ్రాసియిచ్చినది 4 ఎకరములు. ఎకరమున్నర మాది కాదు. అది చెల్లెలిదియు తల్లిదియు.

ఇంటికి వచ్చి చెల్లెలికి కబురు పంపితిమి. ఆమె అత్తవారింటినుండి వచ్చి, కాగితము చదివి, చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అన్నయ్యా, అడిగియుంటే నేనే ఇచ్చియుందును గదా" అన్నది. ఆమె నిరాకరించియున్నచో కాగితములో ఆ మేరకు చెల్లనిదై, మేము అసత్యము వ్రాసినవారముగా నిలిచియుందుము. ఆమె నిరాకరింపలేదు. తన భాగపు మక్తా ధాన్యమును మూడు పంటలు మా ఋణమునకు జమకట్టినది. ఆ ధాన్యమును మేము తరువాత లెక్కకట్టి తీర్చితిమి. అడుగకపోయిన తప్పు మాత్రము తీరలేదు. తీరదు గనుకనే ఈ సభలో చెప్పుకొనుచున్నాము.

ఇప్పుడు చట్ట మింకను విస్తరించినది. 2005 సవరణతో కుమార్తెలందఱకును జన్మహక్కు కలిగినది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించియుండనక్కఱలేదని సుప్రీం కోర్టు 2020లో వినీతా శర్మ వ్యాజ్యమున తేల్చినది. అయినను నేటికిని మన గ్రామములలో "మా అన్నదమ్ముల భాగము" అని వ్రాయు కాగితములు ఎన్నియో! అందు ప్రతిదానిలోను ఒక ఆడుబిడ్డ భాగము ఆమె యెఱుగకయే కుదువపడియున్నది.

దివిసీమవారికి వేఱొక సంగతి చెప్పవలెను. 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో వేలాది జనులు గతించిరి. అంతకుముందు 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన సంగతి మన తాతలు చెప్పుచుండిరి. ఒకే రాత్రి తండ్రియు కొడుకును పోయిన యిండ్లలో ఎవరు ముందు, ఎవరు వెనుక అను ప్రశ్నపైననే వారసత్వము నిలుచును. అది తెలియనియెడల చిన్నవాడు పెద్దవానికంటె తరువాత గతించెనని భావింపవలెనని 1956 చట్టము 21వ సెక్షను చెప్పుచున్నది. దేహము దొరకక, గతించెననుటకు వేఱు సాక్ష్యమును లేనిచో ఏడేండ్లు నిరీక్షింపవలసియుండును. 2023వ సంవత్సరపు సాక్ష్య చట్టమునందును ఆ నియమము నిలిచినది. అట్టి యింట భాగమును ఊహించి అప్పు చేయుట, ఉప్పెన నీటిలో గట్టు వెదకుటవంటిది.

అయిన నేమి చేయవలెను? మాకు తోచినవి నాలుగు మాటలు.

మొదటిది: జీవించియుండగనే నామినీని వ్రాయుడు. 2025 నవంబరు 1 నుండి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలవఱకు వ్రాయవచ్చును. అయితే నామినీ సొమ్మును అందుకొనువాడే గాని, యజమాని కాడు. జీవితబీమా విషయమున సుప్రీం కోర్టు 1983లో సర్బతీ దేవి వ్యాజ్యమున ఈ మాటనే చెప్పినది. తీసికొన్న సొమ్మును వారసులకు పంచవలెను.

రెండవది: నామినీ లేకపోయినను వెంటనే అప్పునకు పరుగెత్తకుడు. వివాదమును, వీలునామాయును లేనియెడల వాణిజ్య బ్యాంకులలో 15 లక్షలవఱకు, సహకార బ్యాంకులలో 5 లక్షలవఱకు సక్సెషన్ సర్టిఫికేటు అడుగకయే వారసులకు చెల్లింపవలెననియు, పత్రములన్నియు అందిన 15 దినములలో పరిష్కరింపవలెననియు రిజర్వు బ్యాంకువారు 2025 సెప్టెంబరులో ఆదేశించిరి. మా కాలమున ఇట్టి వెసులుబాటు ఉన్నచో ఆ 9,000 రూపాయల వడ్డీ మాకు తప్పియుండును.

మూడవది: సొమ్ము కావలసినచో మొదట తోడబుట్టినవారినే అడుగుడు. ఒక వారసుడు తన భాగమును విక్రయింపదలచినప్పుడు ఇతర వారసులకే మొదటి అవకాశమని 1956 చట్టము 22వ సెక్షను చెప్పుచున్నది. అది సాగుభూమికి గూడ వర్తించునని సుప్రీం కోర్టు 2019లో నిర్ణయించినది. సోదరియొద్ద తీసికొన్న సొమ్మునకును రసీదు వ్రాయుడు, పంపకమునాడు మినహాయించుకొనుడు. రసీదు అవిశ్వాసము కాదు, జ్ఞాపకము.

నాలుగవది: ఎవరియొద్ద తెచ్చినను ఖాళీ కాగితముపై సంతకము చేయకుడు, "మా భాగము" అని వ్రాయుటకు ముందు వారసుల పేరు లన్నియు, ఆడుబిడ్డల పేర్లతో సహా, ఒక కాగితముమీద వ్రాసి లెక్క వేయుడు. వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి విధించినది. 1938లో చెన్నరాజధానియందు వచ్చిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును అసలునకు రెట్టింపు చెల్లించినవాని పాత ఋణము తీరినట్లే యనెను. ఆ హద్దు నేడు మీ కాగితములో లేకపోయినను మీ మనస్సులో నుండవలెను.

తుదకు పోషకులకును, కార్యవర్గమువారికిని ఒక విన్నపము. మన సంఘము విద్యార్థులకు వేతనము లిచ్చుచున్నది, సంతోషము. దానితోపాటు ఒక చిన్న నిధిని వేఱుపఱచి, పెద్ద గతించిన యింటికి కర్మల ఖర్చునకును, కోర్టు రుసుమునకును మాత్రము వడ్డీలేని చేబదులు ఇచ్చి, డిపాజిటు చేతికి వచ్చిననాడు తిరిగి పుచ్చుకొనునట్లు ఏర్పాటు చేయుడని ప్రార్థించుచున్నాము. అప్పు పత్రముపై ఆ యింటి ఆడుబిడ్డలందఱి సంతకములును ఉండవలెనను నియమము పెట్టుడు. ఆ నిధికి మొదటి చందాగా 9,000 రూపాయలు మేము నేడు కోశాధికారిగారికి అందజేయుచున్నాము. ఆ మొత్త మెక్కడిదో మీకు తెలిసినదే.